తాండూరు బండకు లేనిది, బాంబే హై బండకు ఉన్నది

గృహప్రవేశం ఇంకా నాలుగు రోజులుందనగా ఇల్లంతా ఆసిడ్ వాసన పట్టింది. మెదక్‌లో మా ఇంటికి పరిచినవి తాండూరు బండలు. సందులు నింపినప్పుడు అంటుకున్న సిమెంటు మరకలు పోవాలంటే నీళ్లు కలిపిన ఆసిడ్‌తో ఒకసారి కడగాలి. పనివాడు డబ్బా వంచాడో లేదో, బండ మీద తెల్లటి నురగ చుర్రుమని లేచింది. "ఎక్కువ పొయ్యకురా, బండను తింటది" అని మేస్త్రీ అరిచాడు. ఆయన అరిచేసరికే వంటింటి మూల జానెడు మేర బండ నునుపు పోయి మసకబారింది. అదే ఆసిడ్ నాలుగు చుక్కలు గుమ్మం ముందరి మెట్టు మీదా పడ్డాయి. అది ఇక్కడి గుట్ట రాయి, గ్రానైట్. దానికి చీమ కుట్టినట్టయినా లేదు.

ఆసిడ్‌కు నురగెత్తే రాయి సున్నపురాయి. ఆ నురగలో ఉన్నది బొగ్గుపులుసు వాయువు. లెక్క కూడా సులువే: 100 గ్రాముల స్వచ్ఛమైన సున్నపురాయిని పూర్తిగా కరిగించడానికి 73 గ్రాముల హైడ్రోక్లోరిక్ ఆసిడ్ కావాలి, 44 గ్రాముల వాయువు బయటికి పోతుంది. రాయి బరువులో దాదాపు సగం గాలిగా మారి ఎగిరిపోతుందన్న మాట. సున్నం బట్టీలో జరిగేదీ ఇదే, కాకపోతే అక్కడ ఆసిడ్ బదులు మంట. క్వింటాల్ రాయి కాలిస్తే మిగిలే సున్నం 56 కిలోలు.

మేస్త్రీకి తెలిసిన ఈ సంగతినే చమురు కంపెనీలు కోట్లు ఖర్చుపెట్టి వాడుకుంటాయి. సున్నపురాయి పొరలో తవ్విన బావి సరిగ్గా పారకపోతే, దాని అడుగుకు 15 శాతం ఆసిడ్ పంపుతారు. 1,000 లీటర్ల ఆసిడ్ సుమారు 220 కిలోల రాయిని కరిగిస్తుంది. రాతిలో కొత్త దారులు పడతాయి, చమురు బావివైపు నడుస్తుంది. అమెరికాలో ఒహాయో రాష్ట్రం లైమా దగ్గరి బావుల్లో హెర్మన్ ఫ్రాష్ అనే రసాయనవేత్త 1895లోనే ఈ పని చేసి, మరుసటి ఏడు పేటెంటు తీసుకున్నాడు. బండను తినే గుణం మా వంటింట్లో నష్టం, అక్కడ లాభం.

ప్రపంచంలో తెలిసిన చమురు నిల్వల్లో సుమారు 60 శాతం, సహజ వాయువులో సుమారు 40 శాతం సున్నపురాయి, దాని దాయాది డోలమైట్ పొరల్లో ఉన్నాయని చమురు రంగంలో అందరూ చెప్పుకునే అంచనా. ఈ అంకె వినగానే తెలంగాణ, ఆంధ్ర మనిషికి ఒక ఆశ పుడుతుంది. తాండూరు నిండా సున్నపురాయే. బేతంచెర్ల, తాడిపత్రి, పల్నాడు, హుజూర్‌నగర్ చుట్టూ లెక్కలేనంత ఉంది. సిమెంటు ఫ్యాక్టరీలన్నీ దాని మీదే బతుకుతున్నాయి. మరి చమురు ఏది?

ముందు ఒక అపోహ తొలగాలి. సున్నపురాయి చాలా చోట్ల చమురును పుట్టించదు, దాచుకుంటుంది. పుట్టించే రాయి వేరు, దాచే రాయి వేరు, పైకి పోకుండా మూతపెట్టే రాయి వేరు. సముద్రపు అడుగున చచ్చిన సూక్ష్మజీవులు బురదతో కలిసి పేరుకుంటాయి. ఆ బురద పొర లోతుకు కూరుకుపోయి వేడెక్కితే, సుమారు 60 డిగ్రీల దగ్గర చమురు ఊరడం మొదలై 120, 150 డిగ్రీల దాకా సాగుతుంది. అంతకు మించితే గ్యాస్ తప్ప మిగలదు. భూమిలోకి కిలోమీటరు దిగితే వేడి 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది కాబట్టి, ఈ వంట జరిగేది ఎక్కువగా 2 నుంచి 4 కిలోమీటర్ల లోతులో. మా దగ్గర రైతు 800 అడుగుల బోరు వేసి దుమ్ము తప్ప రాలేదని తల పట్టుకుంటాడే, అది పావు కిలోమీటరు కూడా కాదు.

అరేబియాలో మాత్రం పుట్టించిందీ సున్నపు బురదే. జురాసిక్ కాలపు సేంద్రియ బురద అడుగున ఉడికింది, దాని మీది సున్నపురాయి పొర ఆ చమురును పీల్చుకుంది, పైన జిప్సానికి తమ్ముడి లాంటి అన్‌హైడ్రైట్ బిరడాలా బిగుసుకుంది. పుట్టిల్లు, అత్తిల్లు, ఇంటి తాళం మూడూ ఒకే పేటలో దొరికిన అదృష్టం అది.

ఇప్పుడు అసలు ప్రశ్న: రాతిలో చమురు ఎక్కడ ఉంటుంది? భూమి కింద చెరువులా నిలిచి ఉంటుందని చాలామంది అనుకుంటారు. చెరువూ లేదు, నదీ లేదు. రాతిలోని కంటికి ఆనని రంధ్రాల్లో, తల వెంట్రుక మందంలో సగం కూడా లేని ఖాళీల్లో, స్పాంజిలో నీళ్లలా ఉంటుంది. అందుకే చమురు మనిషి రాయిని చూస్తే ముందు అడిగేది ఖాళీ ఎంత అని. గ్రానైట్‌లో నూటికి ఒక పాలు కూడా ఉండదు. మంచి సున్నపురాయి పొరలో నూటికి 20, ఒక్కోచోట 30 పాళ్ల దాకా ఖాళీ ఉంటుంది.

ఈ అంకెను మెదక్ కొలతలోకి దించి చూద్దాం. మా ఊరి చర్చి 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో జనానికి పని చూపిస్తూ మొదలుపెట్టించిన కట్టడం అది, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. ఆ చర్చి నేల విస్తీర్ణంలో, 10 మీటర్ల మందాన, భూమి లోతున ఒక మంచి సున్నపురాయి దిమ్మె ఉందనుకోండి. దాని ఘనపరిమాణం సుమారు 18,580 ఘనపు మీటర్లు. నూటికి 20 పాళ్ల ఖాళీ అంటే 3,716. ఖాళీ అంతా చమురే కాదు, కొంత ఉప్పునీరు ఉంటుంది. నూటికి 70 పాళ్లు చమురు అనుకుంటే 2,600 ఘనపు మీటర్లు, అంటే 26 లక్షల లీటర్లు.

వినడానికి బాగానే ఉంది. కానీ అందులో బయటికి వచ్చేది మూడో వంతు కూడా కష్టం. సున్నపురాయి గోడలు చాలాచోట్ల నీటికంటే చమురును ఎక్కువ ఇష్టపడతాయి. చమురు గోడకు అంటుకుపోతుంది, నెట్టడానికి పంపిన నీళ్లు పగుళ్ల వెంట అడ్డదారిన బావికి చేరిపోతాయి. 30 శాతం వచ్చిందనుకున్నా 7.8 లక్షల లీటర్లు. బారెల్ అంటే 159 లీటర్లు కాబట్టి, సుమారు 4,900 బారెళ్లు. దేశం ఇప్పుడు రోజుకు 50 లక్షల బారెళ్లకు పైగా తాగుతోంది. సెకనుకు 58 లెక్కన చర్చి అంత దిమ్మె ఇచ్చింది ఒక నిమిషం 25 సెకన్లలో ఖాళీ. ఆదివారం ఆరాధనలో ఒక పాట రెండో చరణానికి కూడా రాదు.

అందుకే చమురు పొర అంటే చర్చి కొలతలు చాలవు, జిల్లాల కొలతలు కావాలి. సౌదీ అరేబియాలోని ఘవార్ చమురు క్షేత్రం పొడవు సుమారు 280 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 30. మెదక్ నుంచి నేరుగా దక్షిణానికి గీత గీస్తే నంద్యాల దాకా పోతుంది, అంత. ఆ పొడవునా దాదాపు 2 కిలోమీటర్ల లోతులో, 15 కోట్ల ఏళ్ల నాటి సున్నపురాయి. 1948లో దొరికింది. సౌదీ చమురు కంపెనీ ఆరామ్‌కో 2019లో బాండ్లు అమ్మేటప్పుడు బయటపెట్టిన లెక్క ప్రకారం దాని గరిష్ఠ సామర్థ్యం రోజుకు 38 లక్షల బారెళ్లు. ఒక్క క్షేత్రం!

గల్ఫ్ కథ మొదలైందీ సున్నపురాయిలోనే. ఇరాన్‌లో మస్జిదె సులేమాన్ దగ్గర 1908 మే 26న, కంపెనీ ఇక సర్దుకుని పోదామనుకుంటున్న వేళ, 360 మీటర్ల లోతున అస్మారీ సున్నపురాయిలోంచి చమురు ఎగజిమ్మింది. ఇరాక్‌లో కిర్కుక్ 1927. సౌదీలో దమ్మాం దగ్గర ముందు బావులన్నీ ఉసూరుమనిపించాక, ఏడో బావి 1938 మార్చి 4న దాదాపు 1,440 మీటర్ల లోతులో పారింది. మెదక్, కామారెడ్డి, సిరిసిల్ల, జగిత్యాల పల్లెల్లో "దుబాయి పోయిండు" అనే మాట ఏ దేశానికి పోయినా ఒకటే. ఆ మాట వెనక ఈ రాళ్ల పొరలున్నాయి. పోయినవాళ్లలో చాలామంది చమురు బావిని కంటితో చూడలేదు. కట్టింది బిల్డింగులు, ఊడ్చింది రోడ్లు, నడిపింది డ్రైవింగ్. ఆ జీతాలకు డబ్బు మాత్రం అక్కడినుంచే.

ప్లాంట్లలో పనిచేసి వచ్చినవాళ్లు మాత్రం ఒక మాట తప్పకుండా చెబుతారు: హెచ్‌టూఎస్ ట్రైనింగ్. హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్లిన కోడిగుడ్డు కంపు. సున్నపురాయి పొరల గ్యాస్‌లో ఇది తరచుగా ఎక్కువ. గంధకం ఉన్న అన్‌హైడ్రైట్ పక్కనే ఉంటుంది, లోతు వేడికి అది గ్యాస్‌తో చర్య జరిపి ఈ విషాన్ని పుట్టిస్తుంది. ఇసుకరాయి పొరల్లోని ఇనుము కొంత విషాన్ని పట్టేస్తుంది, శుభ్రమైన సున్నపురాయిలో ఆ ఇనుము తక్కువ. గాలిలో పది లక్షల పాళ్లకు ఒక పాలున్నా ముక్కు పసిగడుతుంది. 100 పాళ్లు దాటితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, ప్రాణం మీదికి వస్తుంది. వాసన పోయిందంటే ప్రమాదం పోయినట్టు కాదని ఆ ట్రైనింగ్‌లో మొదట నేర్పేది అందుకే.

మన దేశపు కథకు వద్దాం. రూపాయి నోటు మీ దగ్గర ఉంటే వెనక్కి తిప్పండి. పెళ్లి చదివింపుల్లో నూట పదహార్ల కవరుకు అంటించేది, 2015లో మళ్లీ అచ్చేసిన నోటు కూడా ఫరవాలేదు. దాని మీద సముద్రంలో కాళ్ల మీద నిలబడ్డ ఒక డ్రిల్లింగ్ రిగ్గు బొమ్మ ఉంటుంది. పేరు సాగర్ సమ్రాట్. జపాన్‌లోని హిరోషిమాలో కట్టించి తెచ్చినది. ముంబయికి 160 కిలోమీటర్ల దూరంలో, సుమారు 75 మీటర్ల లోతు నీళ్లలో, 1974 జనవరి 31న అది బావి మొదలుపెట్టింది. ఫిబ్రవరి 19న చమురు తగిలింది. అక్కడ అడుగున ఏదో ఉబ్బు ఉందని 1960ల నడుమ సోవియట్ సర్వే ఓడ అకడమిక్ అర్ఖంగెల్‌స్కీ అప్పటికే గుర్తించి ఉంచింది. 1976 మే 21న ఉత్పత్తి మొదలైంది. అదే బాంబే హై, ఇప్పటి ముంబయి హై.

అక్కడి ప్రధాన పొరను ఓఎన్‌జీసీ వాళ్లు ఎల్-3 అంటారు. రాయి సున్నపురాయి, వయసు సుమారు 2 కోట్ల ఏళ్లు. ఆ క్షేత్రపు చమురులో సింహభాగం దానిదే. అప్పట్లో అక్కడ సముద్రం నడుములోతు మడుగులా ఉండేది. నీటిమట్టం ఎన్నోసార్లు దిగింది, ఎక్కింది. దిగినప్పుడల్లా సున్నపు దిబ్బలు గాలికి తేలేవి, వాన పడేది. వాననీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువు ఒక మెతక ఆసిడ్. మా పనివాడు డబ్బాతో చేసిందే వాన వేల ఏళ్లపాటు చుక్కచుక్కగా చేసింది. రాయి లోపల గుల్లయింది. మళ్లీ సముద్రం ఎక్కి బంకమట్టి కప్పింది. అలా పొర మీద పొర. అడుగున ఉన్న పాత పొరల్లో ఉడికిన చమురు తర్వాత ఈ గుల్లలోకి ఎక్కి, పై మట్టిపొర దగ్గర ఆగిపోయింది.

ఆ గుల్లతనాన్ని మనిషి సైజులో చూడాలంటే కొలిమిగుండ్ల దగ్గరి బెలూం గుహలకు పోవాలి. 3,229 మీటర్ల పొడవు, అంతా నీరు సున్నపురాయిని తిన్న ఖాళీ. ఆ గుహలో నడిచినప్పుడు, ఇదే పని రవ్వంత రంధ్రాల్లో కోట్లసార్లు జరిగినట్టు ఊహించుకుంటే చమురు పొర అర్థమవుతుంది. పుస్తకంలో బొమ్మ కంటే అది నయం.

మెదక్‌కూ బాంబే హైకీ ఇంకో లంకె ఉంది. 1980 ఎన్నికల్లో ఇందిరాగాంధీ రాయ్‌బరేలీలోనూ మెదక్‌లోనూ గెలిచి, మెదక్‌నే ఉంచుకున్నారు. 1984 అక్టోబర్ 31న హత్యకు గురయ్యేదాకా ఆమె మా ఎంపీ. ఆమె హయాం మొదట్లో, 1980-81లో దేశపు ముడిచమురు ఉత్పత్తి 105 లక్షల టన్నులు. అస్సాం ఆందోళనతో అక్కడి చమురు నిలిచిపోయిన ఏడు కాబట్టి అంకె కొంచెం తక్కువే. 1984-85కు అది 290 లక్షల టన్నులు. నాలుగేళ్లలో దాదాపు మూడింతలు! ఆ పెరుగుదలలో చాలా భాగం ఆ 2 కోట్ల ఏళ్ల సున్నపురాయి ఇచ్చిందే. రాజకీయ నాయకుల ఘనతల చిట్టాలో రాళ్లకు వాటా రాయరు గానీ, రాయాల్సిన సందర్భం ఇది.

1980ల్లో ముంబయి హై రోజుకు 4.7 లక్షల బారెళ్ల దాకా ఇచ్చింది. ఇప్పుడు 1.3 లక్షల చిల్లర. ముసలి క్షేత్రాన్ని లేపడానికి ఓఎన్‌జీసీ 2025 జనవరిలో బ్రిటిష్ కంపెనీ బీపీని సాంకేతిక సహాయానికి పెట్టుకుంది. 1984-85లో 290 లక్షల టన్నులు తీసిన దేశం 2023-24లో తీసినదీ దాదాపు అంతే, 294 లక్షలు. తీసేది మారలేదు, తాగేది ఎన్నో రెట్లు పెరిగింది. అందుకే ఇవాళ నూటికి 88 పాళ్లు దిగుమతి.

ఇక కృష్ణా-గోదావరి. మన చమురు, గ్యాస్ అనగానే గుర్తొచ్చేది కోనసీమే. నర్సాపురం దగ్గర 1978లో మొదటి బావి, 1983లో రాజోలులో గ్యాస్, 2002లో సముద్రంలో డీ6 గ్యాస్ క్షేత్రం. అయితే ఇక్కడ రాజ్యం ఇసుకరాయిది. కోట్ల ఏళ్లుగా నదులు మోసుకొచ్చిన ఇసుక అది. గమ్మత్తేమిటంటే ఆ లోతు పొరలకు మన పల్లెల పేర్లే పెట్టారు: మండపేట ఇసుకరాయి, రాఘవాపురం షేల్, పాసర్లపూడి, మత్స్యపురి. వాటి మధ్య ఒక సున్నపురాయి పొరా ఉంది, పేరు భీమనపల్లి. ఆ ఊళ్లో కొబ్బరి దింపేవాళ్లకు తమ ఊరి పేరు కిలోమీటర్ల లోతున ఒక రాయికి ఉందని తెలిస్తే ఏమంటారో.

సరే, తాండూరు. మెదక్ నుంచి నేరుగా 110 కిలోమీటర్లకు పైగా దూరం. ఆ సున్నపురాయి భీమా బేసిన్‌ది, వంద కోట్ల ఏళ్లకు అటూ ఇటూ వయసు. గవ్వలు, పగడాలు పుట్టకముందు నిశ్చలమైన సముద్రంలో దిగిన సన్నటి సున్నపు బురద అది. పగడపు దిబ్బల్లా సందులు లేవు. తర్వాత బరువు కింద నలిగి, ఉన్న ఖాళీ కూడా మళ్లీ సున్నంతోనే పూడుకుపోయి బిగిసింది. అందుకే పలకలుగా లేస్తుంది, నేలకు బాగుంటుంది. నీళ్లు చల్లితే తుడిచేదాకా పైనే నిలుస్తాయి. ఇంటి ఇల్లాలికి కావలసిన గుణమూ చమురు మనిషికి కావలసిన గుణమూ ఒకదానికొకటి ఎదురు. కర్నూలు, కడప నాపరాళ్లదీ ఇంచుమించు ఇదే జాతకం.

పాతదైతే చమురు ఉండనే ఉండదని తీర్పు చెప్పేయకూడదు. ఒమన్‌లో 54 కోట్ల ఏళ్ల నాటి పొరల్లోంచి చమురు తీస్తున్నారు. మధ్యప్రదేశ్‌లో దమోహ్ జిల్లా హట్టా దగ్గర ఓఎన్‌జీసీ బావిలో, మన కడప రాళ్ల తరం లాంటి వింధ్య శిలల్లోంచి గ్యాస్ వచ్చింది. దేశంలోని 26 అవక్షేప బేసిన్‌లను ప్రభుత్వం మూడు వర్గాలుగా విడదీసింది. కృష్ణా-గోదావరి మొదటి వర్గం. కడప, భీమా-కలాద్గి, ప్రాణహిత-గోదావరి మూడో వర్గం, అంటే ఉండొచ్చన్న అంచనా తప్ప చేతికి ఏమీ చిక్కనివి.

మెదక్‌కు ఆ మూడో వర్గంలో కూడా చోటు లేదు. కాకతీయుల కోట నిలిచిన గుట్ట, ఏడుపాయల దగ్గర మంజీర చీల్చుకుని పారే బండలు, అన్నీ 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్లు. కరిగిన రాయి గట్టిపడ్డది. అందులో జీవి లేదు, బురద లేదు, రంధ్రం లేదు. బోరులో నీళ్లు వచ్చేది కూడా పగుళ్లలోంచే, పగులు తప్పితే బోరు ఫెయిల్. గ్రానైట్‌కూ ఒక మినహాయింపు ఉంది సుమా. వియత్నాంలో బాక్ హో క్షేత్రంలో 1988లో గ్రానైట్ పగుళ్లలోంచే చమురు ధారలు కట్టింది. కానీ ఆ గ్రానైట్‌ను అన్నివైపులా చమురు ఊరే బురద పొరలు కప్పి ఉన్నాయి. పక్కింటి సొమ్ము. మా గుట్ట పక్కన అలాంటి పక్కిల్లు లేదు. బోరు వేస్తే గ్యాస్ వాసన వచ్చిందని అప్పుడప్పుడూ ఊళ్లో పుట్టే పుకారుకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

మరి సున్నపురాయి చమురు మెదక్‌కు రాలేదా అంటే, నెలనెలా వస్తూనే ఉంది. వంటగ్యాస్ సిలిండర్‌లో ఉండేది 14.2 కిలోలు. దేశం వాడే వంటగ్యాస్‌లో సుమారు 60 శాతం దిగుమతి, అందులో అత్యధిక భాగం గల్ఫ్ నుంచే. సగటున లెక్కేస్తే సిలిండర్‌లో 8.5 కిలోలు బయటి నుంచి వచ్చినవి, వాటిలో ఎక్కువ పాలు ఖతార్, సౌదీ, ఎమిరేట్స్ సున్నపురాయి పొరలవి. ఇరాన్, ఖతార్ పంచుకున్న సముద్రపు క్షేత్రం ఒక్కటే 9,700 చదరపు కిలోమీటర్లు, ప్రపంచంలోకెల్లా పెద్ద గ్యాస్ క్షేత్రం. అదీ సున్నపురాయి, డోలమైట్‌లే.

మా వంటింటి మూల మసకబారిన బండను మార్చాలంటే పక్క బండలు రెండూ పగలగొట్టాలన్నాడు మేస్త్రీ. పాలిష్ పెట్టినా పోలేదు. చివరికి దాని మీద సిలిండర్ పెట్టేశాం.